ఆఫీసు పనికి వైర్‌లెస్ ఎర్గోనామిక్ మౌస్ ఎంచుకోవడం ఎలా: చేతి కొలత నుంచి సెట్టింగుల దాకా

రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు ఎక్సెల్‌లోనో టాలీలోనో కోడ్ ఎడిటర్‌లోనో ఉండేవాళ్ల చేతిలో చాలామటుకు కనిపించేది ఐదొందలకి దొరికే చిన్న మౌస్. అది చెడ్డదేం కాదు, పని నడుస్తుంది. మణికట్టు లాగడం మొదలయ్యాక మాత్రం అందరూ ఒకటే చేస్తారు, అమెజాన్ తెరిచి ఎర్గోనామిక్ మౌస్ అని కొట్టి స్టార్లు ఎక్కువున్నదాన్ని ఆర్డర్ పెట్టేస్తారు. డబ్బులు పోయేది అక్కడే. ఎర్గోనామిక్ అని డబ్బా మీద ఎవరైనా వేసుకోవచ్చు, ఆపేవాళ్లు లేరు, పైగా మీ కొలీగ్‌కి హాయిగా ఉన్న మౌస్ మీ చేతికి చెప్పుల సైజు తప్పినట్టే ఉండొచ్చు. అందుకే ఇక్కడ వరస తిరగేసి చెప్తున్నా. ముందు నొప్పి, తర్వాత టేబుల్, తర్వాత చేతి కొలత, ఆ తర్వాతే మోడల్ పేర్లు.

1. నొప్పి ఎక్కడో ముందు తేల్చుకోండి

"చెయ్యి నొప్పి" అంటే సరిపోదు, ఏ భాగమో వేలు పెట్టి చూపించగలగాలి, ఎందుకంటే ఒక్కో చోటికి ఒక్కో రకం మౌస్ పనికొస్తుంది, కొన్ని చోట్లకైతే ఏ మౌసూ పనికిరాదు.

మణికట్టు పక్కన, చిటికెన వేలి వైపు లాగుతుంటే మీరు మౌస్‌ని మోచేతి నుంచి కాకుండా మణికట్టు నుంచి అటూ ఇటూ ఊపుతున్నారన్నమాట. చిన్న మౌస్ వాడేవాళ్లలో ఇది మామూలు, అరచేయి సగం టేబుల్ మీద ఉండిపోతుంది, మణికట్టు ఇరుసులా తిరుగుతుంటుంది. అరచేతికి నిండుగా ఆనే పెద్ద మౌస్‌కి మారితే చాలాసార్లు తేడా తెలుస్తుంది.

ముంజేయి పైభాగం బరువుగా ఉండటం, మోచేయి బయటి వైపు నొప్పి ఉంటే, అరచేయి పూర్తిగా కిందికి తిప్పి గంటల తరబడి ఉంచడం, వేళ్లని బటన్ల మీద గాల్లో ఎత్తిపట్టుకుని ఉండటం, ఈ రెండింటి మీద అనుమానం పెట్టుకోవచ్చు. వర్టికల్ మౌస్, అంటే షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు చెయ్యి నిలబెట్టి పట్టుకునే మౌస్, దాని గురించి ఆలోచించాల్సింది ఇలాంటి వాళ్లే.

బొటనవేలు మొదట్లో నొప్పి ఉంటే ట్రాక్‌బాల్ (మౌస్ కదలకుండా దాని మీద బంతిని బొటనవేలితో తిప్పే రకం) జోలికి వెళ్లొద్దు, ఎవరెంత పొగిడినా సరే. ఫోన్‌లో రీల్స్ తోసేదీ ఆ వేలే, మెసేజ్ కొట్టేదీ ఆ వేలే, దాని మీద ఇంకో డ్యూటీ వేయకండి. చూపుడు వేలు నొప్పి అయితే స్క్రోల్ వీల్ మీద కన్నేయండి, గట్టిగా కటకట తిరిగే వీల్‌తో రోజంతా పొడుగాటి ఫైళ్లు చూసేవాళ్లకి వస్తుంటుంది.

భుజం, మెడ నొప్పి అయితే మౌస్ మారిస్తే తగ్గడం కష్టం, అది దూరం సమస్య, రెండో స్టెప్‌లో చెప్తా.

ఇక బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కడం, రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారి మెలకువ రావడం, గ్లాసు పట్టుకుంటే జారిపోవడం లాంటివి ఉంటే షాపింగ్ ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మణికట్టులో మీడియన్ నరం ఇరుకు దారిలోంచి వెళ్తుంది, అక్కడ ఒత్తిడి పెరిగితే వచ్చేదే కార్పల్ టనెల్ సిండ్రోమ్. వర్టికల్ మౌస్ కొంటే అది నయమైపోతుందని ఆన్‌లైన్‌లో చాలామంది రాస్తారు గానీ, కార్పల్ టనెల్ ఉన్న పేషెంట్ల మీద చేసి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో వర్టికల్ మౌస్ మణికట్టు వంపుని మార్చింది తప్ప లోపలి ఒత్తిడిని తగ్గించలేదని తేలింది. అంటే వర్టికల్ మౌస్ దండగ అని కాదు, అది మందు కాదు అని మాత్రమే.

2. కొనేముందు టేబుల్ సంగతి చూడండి

దీనికి రూపాయి ఖర్చు లేదు, అందుకేనేమో ఎవరూ చేయరు.

వర్క్ ఫ్రమ్ హోమ్‌లో చాలామంది డైనింగ్ టేబుల్ మీద పని చేస్తారు, దాని ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు ఉంటుంది, మామూలు కుర్చీలో కూర్చుంటే మన సగటు ఎత్తు వాళ్లకి అది ఎక్కువే. మోచేయి టేబుల్ కంటే కిందికి ఉండి ముంజేయి పైకి వాలితే, భుజం తనంతట తనే పైకి లేస్తుంది, మణికట్టు టేబుల్ అంచుకి ఒత్తుకుంటుంది. కుర్చీ మీద దిండు వేసుకుని ఎత్తు పెంచండి, కాళ్లు గాల్లో వేలాడితే కింద చిన్న పీటో పాత కార్టనో పెట్టండి. మోచేయి దాదాపు ఎల్ ఆకారంలో వచ్చి ముంజేయి టేబుల్‌కి సమానంగా ఉంటే చాలు.

తర్వాత కీబోర్డు. కుడి పక్క నంబర్ ప్యాడ్ ఉన్న పెద్ద కీబోర్డు అయితే మౌస్ ఆ ప్యాడ్ అవతల కూర్చుంటుంది, దాని కోసం రోజంతా చెయ్యి బయటికి చాపాలి, భుజం నొప్పికి పెద్ద కారణం ఇదే. నంబర్ ప్యాడ్ అక్కర్లేని వాళ్లు అది లేని చిన్న కీబోర్డుకి మారితే పది వేల మౌస్ కంటే ఎక్కువ లాభం. ఎకౌంట్స్ వాళ్లకి నంబర్ ప్యాడ్ లేకపోతే గడవదు కదా, వాళ్లు విడిగా దొరికే యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ తీసుకుని ఎడమ పక్క పెట్టుకోవచ్చు, అలవాటయ్యేదాకా కాస్త తికమకగా ఉంటుంది అంతే.

జెల్ ప్యాడ్ గురించి కూడా ఇక్కడే అనేస్తా. మణికట్టు మెత్తటి దిమ్మ మీద పెట్టి నొక్కిపెట్టి ఉంచితే ఆ నరం వెళ్లే చోటే నొక్కుతున్నట్టు. అరచేతి మడమ ఆనించుకోవచ్చు, అదీ మౌస్ కదల్చనప్పుడు. నా మటుకు నాకు పెద్ద గుడ్డ డెస్క్ మ్యాట్ చాలనిపిస్తుంది.

ఒక వారం ఇలా కూర్చుని చూడండి. కొంతమందికి ఇక్కడే కథ కంచికి వెళ్తుంది, మౌస్ కొనే పనే ఉండదు.

3. చేతిని కొలవండి

స్కేలు తీసుకోండి. మణికట్టు దగ్గర మొదటి గీత నుంచి మధ్య వేలి కొస దాకా ఎంతుందో చూడండి, అది పొడవు. బొటనవేలు వదిలేసి మిగతా నాలుగు వేళ్ల మొదళ్ల దగ్గర అడ్డంగా కొలిస్తే వెడల్పు.

పొడవే ముఖ్యం. లాజిటెక్ కంపెనీ తన చిన్న వర్టికల్ మౌస్ లిఫ్ట్‌ని 19 సెంటీమీటర్ల లోపు చేతులకని చెప్తుంది, అంతకంటే పెద్ద చేతులకి తన పెద్ద వర్టికల్ అయిన ఎంఎక్స్ వర్టికల్ చూపిస్తుంది. ఈ 19ని గుర్తుపెట్టుకుంటే మిగతా కంపెనీల మౌస్‌లని కూడా అంచనా వేసుకోవచ్చు. పెద్ద మౌస్‌లన్నీ మగవాళ్ల పెద్ద చేతులని ఊహించుకుని చేసినట్టే ఉంటాయి, 17 సెంటీమీటర్ల చేతితో లాజిటెక్ వాళ్ల పెద్ద మౌస్ ఎంఎక్స్ మాస్టర్ పట్టుకుంటే ముందు బటన్ కొసకి వేలు అందదు, బొటనవేలి పక్కనున్న చిన్న వీల్‌ని తిప్పాలంటే పట్టు వదలాలి. చాలామంది ఆడవాళ్లు "అంత రేటు పెట్టి కొన్నా నాకు సెట్ అవ్వలేదు" అనేది దీనికే, లోపం వాళ్లలో లేదు, సైజులో ఉంది.

పట్టుకునే తీరు కూడా చూసుకోండి. అరచేయి మొత్తం వాల్చి పట్టుకునేవాళ్లు ఉంటారు, వేళ్లు పంజాలా వంచి పట్టుకునేవాళ్లు ఉంటారు, వేళ్ల కొసలతోనే కదిలించేవాళ్లూ ఉంటారు. ఈ ఎర్గోనామిక్ మౌస్‌లు చాలామటుకు మొదటి రకం పట్టుకే పనికొస్తాయి. కొసలతో పట్టుకునే అలవాటున్నవాళ్లు పెద్ద మౌస్ కొంటే కొన్నాళ్లు పరాయి వస్తువులా అనిపిస్తుంది, అది ముందే తెలిసుంటే కంగారుండదు.

4. ఆకారం ఎంచుకోవడం, అసలు పని ఇదే

మార్కెట్లో ఉన్నవన్నీ కలిపి నాలుగు రకాలు అనుకోండి.

మొదటిది మామూలు మౌస్‌నే అరచేతికి తగ్గట్టు ఒంపు తిప్పి చేసినవి. ఎంఎక్స్ మాస్టర్ సిరీస్ ఇందులో పేరున్నది. 2022లో వచ్చిన ఎంఎక్స్ మాస్టర్ 3ఎస్ బరువు 141 గ్రాములు, చప్పుడు తక్కువ, బొటనవేలి దగ్గర అడ్డంగా జరపడానికి విడిగా ఇంకో వీల్ ఉంటుంది. 2025లో 4 కూడా వచ్చింది, దాంట్లో బొటనవేలి దగ్గర చిన్న వైబ్రేషన్ పెట్టారు. వీటిలో అరచేయి కొద్దిగా పక్కకి వాలుతుంది అంతే, పూర్తిగా నిలబడదు. నొప్పి పెద్దగా లేదు, పని వేగంగా జరగాలి, చెయ్యి మీడియం లేదా పెద్దది, కుడిచేతి వాటం అంటే ఇదే కొనండి, ఇంకేం చూడొద్దు. ఎడమచేతి వాళ్లకి ఈ సిరీస్‌లో ఏదీ లేదు, అది అన్యాయమే.

రెండోది వర్టికల్. షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు చెయ్యి నిలబడి ఉంటుంది, ముంజేయి మెలి తిరగదు. 2018లో వచ్చిన ఎంఎక్స్ వర్టికల్, 2022లో వచ్చిన లిఫ్ట్ రెండూ 57 డిగ్రీల వాలుతో చేసినవి. లిఫ్ట్‌లో ఎడమచేతి మోడల్ కూడా ఉంది, ఎడమచేతి వాళ్లకి ఉన్న కొద్దిపాటి మంచి దారుల్లో ఇదొకటి. వీటికి రెండు చిక్కులున్నాయి, అవి రివ్యూల్లో సరిగ్గా రాయరు. ఒకటి, క్లిక్ కొట్టినప్పుడు బలం కిందికి కాకుండా పక్కకి పడుతుంది, అంటే బొటనవేలు ఎదురు పట్టకపోతే మౌస్ జరుగుతుంది, ఎక్సెల్‌లో ఒక గడి మీద క్లిక్ చేయబోయి పక్క గడి మీద పడుతుంది. తేలికైన చవక వర్టికల్స్‌లో ఇది ఇంకా ఎక్కువ, కాస్త బరువున్నది, కింద రబ్బరు పట్టున్నది మేలు. రెండోది, ఎత్తుగా ఉంటుంది కాబట్టి కీబోర్డు మీంచి చూడకుండా చెయ్యి వేస్తే తగిలి పడుతుంది, మొదట్లో అందరికీ ఇదే తంతు.

వర్టికల్ ఎవరికి కుదరదో కూడా చెప్పాలి. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లు, ఫొటోషాప్‌లో వెంట్రుక వెంట్రుక కట్ చేసేవాళ్లు, పేజీలు కట్టే డీటీపీ వాళ్లు, వీళ్లకి చేతిలో ఆ సన్నటి అదుపు కావాలి. మామూలు మౌస్‌లో చిన్న కదలికలు వేళ్లు చేస్తాయి, వర్టికల్‌లో ముంజేయి చేస్తుంది, ముంజేయికి అంత నాజూకు రాదు. అలాంటి పనికి గీతలకి పెన్ టాబ్లెట్, మిగతాదానికి వర్టికల్ అని రెండూ పెట్టుకునేవాళ్లు తెలివైనవాళ్లు.

మూడోది బొటనవేలి ట్రాక్‌బాల్. మౌస్ కదలదు, బంతి తిరుగుతుంది. లాజిటెక్ ఎర్గో ఎం575 2020లో వచ్చింది, 34 మిల్లీమీటర్ల బంతి, ధరలోనూ అందుబాటులో ఉండే మోడల్. దీనికంటే పైది ఎంఎక్స్ ఎర్గో, కింద ప్లేటు వంచితే 20 డిగ్రీలు వాలుతుంది, 2024లో ఎంఎక్స్ ఎర్గో ఎస్ అని యూఎస్‌బీ-సీ పెట్టి మళ్లీ వదిలారు. టేబుల్ మీద చోటు లేనివాళ్లకి, మంచం మీద కూర్చుని ఒళ్లో ప్లాంక్ పెట్టుకుని పని చేసేవాళ్లకి ఇది నిజంగా వరం. బొటనవేలు బాగుంటేనే సుమా.

నాలుగోది వేళ్లతో తిప్పే పెద్ద ట్రాక్‌బాల్. కెన్సింగ్టన్ ఎక్స్‌పర్ట్ మౌస్‌లో బంతి 55 మిల్లీమీటర్లు, చుట్టూ స్క్రోల్ రింగ్, రెండు చేతులకీ సమానంగా ఉంటుంది. మన దగ్గర షాపుల్లో కనిపించడం అరుదు, రేటు కూడా గట్టిగానే ఉంటుంది, కానీ రెండు మూడు మానిటర్లు పెట్టుకుని చార్టులు చూసే మెడికల్ కోడర్లు, ట్రేడర్లు ఒకసారి ప్రయత్నించదగ్గది. బంతిని ఒక్క తోపు తోస్తే కర్సర్ ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది.

ఇంకోమాట, ఆపిల్ మ్యాజిక్ మౌస్‌ని ఈ నాలుగింట్లో ఎక్కడా పెట్టలేదు. చూడ్డానికి అందంగా ఉంటుంది, జెస్చర్లు బాగుంటాయి, కానీ పలచగా నేలకి అతుక్కున్నట్టుండే దాన్ని పట్టుకోవడానికి వేళ్లు బిగించాల్సిందే. 2024లో యూఎస్‌బీ-సీ ఇచ్చారు గానీ చార్జింగ్ పోర్టు మాత్రం అలాగే కింద పొట్టలోనే ఉంచారు, చార్జింగ్ పెడితే వాడలేం. మ్యాక్‌కి పైన చెప్పినవన్నీ పని చేస్తాయి, బెంగ అక్కర్లేదు.

5. కనెక్షన్: ఆఫీసు లాప్‌టాప్ రూల్స్ ముందు కనుక్కోండి

హైదరాబాద్, బెంగళూరు ఐటీ వాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడ. క్లయింట్ లాప్‌టాప్‌లో బ్లూటూత్ బ్లాక్ చేసి ఉండొచ్చు, లేదా యూఎస్‌బీ పోర్టుల్లో కంపెనీ ఆమోదించినవే పని చేయొచ్చు. మామూలుగా పెన్‌డ్రైవులు ఆపుతారు గానీ మౌస్ రిసీవర్‌ని ఆపరు, అయినా ఐటీ హెల్ప్‌డెస్క్‌కి ఒక మెయిల్ కొట్టి అడిగితే పోయేదేముంది. రెండూ ఉన్న మౌస్ కొనడం అన్నిటికంటే సేఫ్, ఒక పక్క డాంగిల్ (పోర్టులో గుచ్చే చిన్న యూఎస్‌బీ రిసీవర్), ఒక పక్క బ్లూటూత్.

డాంగిల్ అయితే పెట్టగానే పని చేస్తుంది, బయాస్ స్క్రీన్‌లో, అంటే విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల్లో కూడా సాధారణంగా కదులుతుంది. బ్లూటూత్ అయితే పోర్టు మిగులుతుంది, రెండే పోర్టులున్న సన్న లాప్‌టాప్‌లకి అది చిన్న విషయం కాదు, కానీ స్లీప్ నుంచి లేచాక రెండు క్షణాలు తడుముకుంటుంది.

లాజిటెక్ కొంటే ఒకటి గమనించండి, పాత మౌస్‌లకి యూనిఫైయింగ్ రిసీవర్ వచ్చేది, 2021 నుంచి బోల్ట్ అని కొత్తది తెచ్చారు, పాతదాని డాంగిల్ కొత్తదానికి పనికిరాదు. ఎంఎక్స్ వర్టికల్ పాత రకం, లిఫ్ట్, 3ఎస్ కొత్త రకం. ఒకే డాంగిల్‌తో కీబోర్డు, మౌస్ నడపాలనుకునేవాళ్లు రెండూ ఒకే రకం అయ్యేలా చూసుకోండి. భద్రత విషయంలో కూడా బోల్ట్ మెరుగు, ఎందుకంటే 2016లో మౌస్‌జాక్ అని ఒక లోపం బయటపడింది, చాలా కంపెనీల డాంగిళ్లకి దూరం నుంచే దొంగ కీస్ట్రోకులు పంపొచ్చని అప్పుడు తేలింది. బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్లు ఎవరో పడేసిన పాత డాంగిల్ వాడకపోవడమే మంచిది.

కర్సర్ ఆగి ఆగి కదులుతోంది, మౌస్ పాడైందని రిటర్న్ పెట్టేవాళ్లు ముందు డాంగిల్ ఎక్కడుందో చూడండి. యూఎస్‌బీ 3.0 పరికరాలు నడుస్తుంటే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల చేస్తాయి, ఈ సంగతి ఇంటెల్ వాళ్లే 2012లో ఒక పత్రంలో రాసి పెట్టారు. డాక్ (లాప్‌టాప్‌కి పోర్టులు పెంచే డబ్బా) వెనక, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పక్కనే డాంగిల్ గుచ్చితే అంతే సంగతులు. వంద రూపాయల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని డాంగిల్‌ని మౌస్ దగ్గరికి తెస్తే చాలాసార్లు సమస్య మాయం.

లాప్‌టాప్ ఆఫీసుది ఒకటి, సొంతది ఒకటి ఉన్నవాళ్లకి మూడు డివైసుల మధ్య మారే బటన్ చాలా ఉపయోగం. ఎంఎక్స్ మాస్టర్ 3ఎస్‌లో ఆ బటన్ కింద వైపు ఉంది, ప్రతిసారీ మౌస్ తిరగేయాలి, ఎందుకలా పెట్టారో వాళ్లకే తెలియాలి.

6. వీల్, బటన్లు, సాఫ్ట్‌వేర్

పని వేగం నిజంగా మారేది వీల్ దగ్గరే. వేల వరసలున్న షీట్‌లో కిందికి వెళ్లాలంటే ఒక్క విసురుతో గిర్రున తిరిగే వీల్‌కి, గీత గీతకీ ఆగే వీల్‌కి ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. 3ఎస్ వీల్ సెకనుకి వెయ్యి వరసలు దాటుతుందని కంపెనీ చెప్తుంది. కోడ్ చూసేవాళ్లకి, పెద్ద పీడీఎఫ్‌లు తిరగేసేవాళ్లకి దీని విలువ తెలుస్తుంది, మెయిళ్లు చూసుకునేవాళ్లకి అనవసరం. అడ్డంగా జరిపే వీల్ ఎక్సెల్ వాళ్లకి సుఖం, అది లేకపోయినా కొత్త ఎక్సెల్‌లో కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని మామూలు వీల్ తిప్పితే షీట్ పక్కకి జరుగుతుంది, బ్రౌజర్లో అయితే షిఫ్ట్ ఒక్కటే చాలు. అంటే ఆ ఒక్క వీల్ కోసమే నాలుగైదు వేలు ఎక్కువ పెట్టే ముందు ఇవి ఒకసారి ట్రై చేయండి.

బటన్లు ఎన్ని అనేది కాదు, మీరు ఎన్ని వాడతారు అనేది ప్రశ్న. బ్యాక్, ఫార్వర్డ్ రెండూ ఉంటే చాలామందికి చాలు. ఇక్కడ పెద్ద తిరకాసు ఏంటంటే, ఆ రెండూ, నడిమి క్లిక్కూ ఏ సాఫ్ట్‌వేర్ లేకుండానే పని చేస్తాయి, కానీ ఒక్కో యాప్‌కి ఒక్కో షార్ట్‌కట్, జెస్చర్ బటన్ లాంటివి కావాలంటే లాజిటెక్ వాళ్ల ఆప్షన్స్ ప్లస్ ఇన్‌స్టాల్ చేయాలి, ఆఫీసు లాప్‌టాప్‌లో అడ్మిన్ రైట్స్ ఉండవు. అప్పుడు పది వేల మౌస్ మూడు వేల మౌస్ చేసే పనే చేస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి ఐటీ వాళ్లు ఒప్పుకుంటారా లేదా అనేది కొనే ముందే తేల్చుకోండి, ఒప్పుకోకపోతే ఆకారం చూసి కొనండి, ఫీచర్లకి డబ్బు పెట్టొద్దు.

సాఫ్ట్‌వేర్ వేసుకోగలిగితే మొదట పెట్టాల్సినవి కాపీ, పేస్ట్, వర్చువల్ డెస్క్‌టాప్ మార్చడం, మీటింగ్‌లో మైక్ మ్యూట్. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే గుర్తుండవు.

7. డీపీఐ, సెన్సర్

దీని గురించి తక్కువే చెప్తా, కంపెనీలు ఎక్కువ చెప్తాయి కాబట్టి. డీపీఐ అంటే మౌస్ ఒక అంగుళం జరిగితే దాన్ని ఎన్ని చుక్కలుగా లెక్కపెడుతుంది అని. 1000 డీపీఐ దగ్గర, విండోస్‌లో స్పీడు మధ్యలో ఉంచి యాక్సిలరేషన్ (చెయ్యి వేగంగా కదిలితే కర్సర్ ఎక్కువ దూరం పోయేలా చేసే సెట్టింగ్) తీసేస్తే, 1920 పిక్సెళ్ల ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ దాటడానికి రెండంగుళాల లోపు కదలిక చాలు, రెండు స్క్రీన్లు పక్కపక్కన ఉంటే నాలుగంగుళాల లోపు. అంటే ఆఫీసు పనికి 1000 నుంచి 1600 మధ్య సరిపోతుంది, 4కే మానిటర్లు రెండు ఉంటే ఇంకాస్త. 8000 అని చూసి మురిసిపోవాల్సిన పని లేదు. గ్లాస్ టేబుల్ ఉంటే మాత్రం సెన్సర్ చూడాలి, మామూలువి దాని మీద తడబడతాయి, ఎంఎక్స్ మాస్టర్ అయితే కనీసం నాలుగు మిల్లీమీటర్ల మందమున్న గాజు మీద నడుస్తుంది. లేకపోతే ఒక ప్యాడ్ వేసుకోండి, తీరిపోతుంది.

8. బ్యాటరీ, చప్పుడు, పైపూత

చార్జింగ్ రకం కొంటే యూఎస్‌బీ-సీ మాత్రమే కొనండి, ఫోన్ కేబుల్‌తో అయిపోవాలి. 3ఎస్ ఒక్కసారి నింపితే 70 రోజులు అంటారు, నిమిషం చార్జ్‌తో మూడు గంటలు. లిఫ్ట్‌లో ఒక పెన్సిల్ సెల్, డబుల్ ఏ, కంపెనీ లెక్కలో రెండేళ్ల దాకా. ఏది మేలు అంటే, నేనైతే సెల్ వైపే మొగ్గుతా, ఎందుకంటే లోపల అతికించిన బ్యాటరీ నాలుగేళ్లకి నీరసపడితే మార్చడం పెద్ద పని, సెల్ అయితే కిరాణా కొట్లో దొరుకుతుంది. ఎక్కువ రోజులు వాడకపోతే సెల్ తీసేయండి, కారితే లోపల తుప్పే.

నైట్ షిఫ్ట్ వాళ్లు, పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు సైలెంట్ క్లిక్ అని ఉన్నది తీసుకోండి. లిఫ్ట్, 3ఎస్ రెండిటికీ ఉంది. టీమ్స్ కాల్‌లో మైక్ ఆన్‌లో ఉన్నప్పుడు టకటక వినిపించకపోవడం అదనపు లాభం.

పైన మెత్తటి రబ్బరు పూత ఉన్న మౌస్‌లు షోరూమ్‌లో చేతికి భలే ఉంటాయి. విశాఖ, విజయవాడ, నెల్లూరు ఉక్కపోతలో, ఏసీ లేని గదిలో, చెమట చేతులతో రెండు మూడేళ్లు వాడాక ఆ పూత జిగురుగా మారడం, పొరలు లేవడం మామూలే. గరుకు ప్లాస్టిక్ ఉన్నది అంత ఖరీదుగా కనిపించకపోయినా ఎక్కువ కాలం శుభ్రంగా ఉంటుంది.

9. ఎక్కడ, ఎంతకి

సుమారుగా లెక్కేసుకోండి: వెయ్యి రెండు వేల మధ్యలో చవక వర్టికల్స్ దొరుకుతాయి, వర్టికల్ మీకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఇది మంచి ప్రయోగం, పడితే తర్వాత మంచిది కొనొచ్చు. నాలుగైదు వేలకి ట్రాక్‌బాల్, దానికి కాస్త పైన లిఫ్ట్, పది వేలు అటూ ఇటూగా ఎంఎక్స్ సిరీస్. పండగ సేల్స్‌లో బాగానే తగ్గుతాయి, తొందర లేకపోతే దసరా దాకా ఆగండి.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే సీటీసీకి వెళ్లగలిగినవాళ్లు వెళ్లండి, బెంగళూరు వాళ్లకి ఎస్పీ రోడ్డు ఉంది. చేత్తో పట్టుకుని చూడటానికి మించింది లేదు. డిస్‌ప్లే పీస్ ఉందా అని అడగండి, పట్టుకుని కనీసం ఐదు నిమిషాలు ఊరికే కదిపి చూడండి, షాపతను విసుక్కున్నా పట్టించుకోవద్దు. బిల్లు మాత్రం జీఎస్టీతో తీసుకోండి, బిల్లు లేకుండా వంద తగ్గిస్తానంటే ఆ వందతో వారంటీ పోయినట్టే. ఫ్రీలాన్సర్లకి జీఎస్టీ నంబర్ ఉంటే ఆ 18 శాతం క్రెడిట్ కూడా వస్తుంది.

ఆన్‌లైన్ అయితే ఆర్డర్ పెట్టే ముందు రిటర్న్ పాలసీ దగ్గర రీప్లేస్‌మెంట్ ఓన్లీ అని ఉందేమో చూడండి. ఉంటే చేతికి సరిపోలేదని వెనక్కివ్వడం కుదరదు, పాడైతే అదే మోడల్ ఇంకోటి ఇస్తారు అంతే. ఎర్గోనామిక్ మౌస్‌కి ఇది పెద్ద అడ్డంకి, వాపసు తీసుకునే సెల్లర్ దగ్గర రెండొందలు ఎక్కువైనా నయం. అమెరికా నుంచి వచ్చే బావగారితో తెప్పించుకుందామనుకుంటే, అక్కడ రకాలు ఎక్కువ దొరుకుతాయి నిజమే, ఎడమచేతి మోడళ్లు కూడా, కానీ అక్కడ కొన్నదానికి ఇక్కడి సర్వీసులో వారంటీ ఒప్పుకుంటారని ఆశ పెట్టుకోకండి.

10. తెచ్చుకున్నాక మొదటి రెండు వారాలు

వర్టికల్, ట్రాక్‌బాల్ ఏదైనా మొదటి రోజే పూర్తి షిఫ్ట్ వాడొద్దు. పొద్దున రెండు గంటలు కొత్తది, మిగతా టైమ్ పాతది, అలా రోజూ పెంచుకుంటూ పోండి. కొత్త కండరాలు పని చేస్తాయి కాబట్టి కొత్త చోట కొంచెం అలసట వస్తుంది, అది సహజం. పదునైన నొప్పి, తిమ్మిరి వస్తే సహజం కాదు, ఆపేయండి. ఇంకోటి, ఎకౌంటెంట్లు 20వ తారీఖు జీఎస్టీ రిటర్న్ ముందు మౌస్ మార్చకండి, చిరాకులో పాపం దాన్నే తిడతారు.

డీపీఐ మొదట తక్కువ పెట్టండి, 800 దగ్గర మొదలెట్టి చెయ్యి కుదిరే కొద్దీ పెంచండి. విండోస్ మౌస్ సెట్టింగుల్లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అని టిక్ ఉంటుంది, అది తీసేస్తే మౌస్ ఎంత జరిగితే కర్సర్ అంతే జరుగుతుంది, కొత్త ఆకారానికి చెయ్యి త్వరగా అలవాటు పడుతుంది. ట్రాక్‌బాల్‌కి మాత్రం ఉంచుకోండి, బంతి మెల్లగా తిప్పితే మెల్లగా, విసిరితే దూరం పోవడం దానికి సుఖం.

మౌస్‌ని గట్టిగా పిండి పట్టుకుంటున్నారేమో మధ్యమధ్యలో గమనించుకోండి, టెన్షన్ కాల్స్‌లో అందరం అదే చేస్తాం. క్లిక్ చేయనప్పుడు వేళ్లు బటన్ మీద వాలి ఉండాలి, గాల్లో కాదు. వేళ్లు వాల్చితే క్లిక్ పడిపోతోందంటే ఆ బటన్ మీ చేతికి మరీ మెత్తన, ఇంకో మోడల్ చూడాలి.

బొటనవేలి ట్రాక్‌బాల్ కొన్నవాళ్లు ఒక పని నేర్చుకోండి: కింద చిల్లులోంచి పెన్నుతో నెడితే బంతి బయటికొస్తుంది, లోపల బంతి ఆనే మూడు చిన్న గుండ్ల దగ్గర నల్లటి మురికి చేరుతుంది, గోటితో గీకేసి బంతిని పొడి గుడ్డతో తుడవండి. కర్సర్ పట్టి పట్టి కదిలితే నూటికి తొంభై పాళ్లు ఇదే కారణం.

ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్కులు పడుతున్నాయంటే లోపలి స్విచ్ అరిగింది, ఫైల్ డ్రాగ్ చేస్తుంటే మధ్యలో జారిపోవడం దానికి మొదటి గుర్తు. వారంటీలో ఉంటే వెంటనే క్లెయిమ్ పెట్టండి, సమస్య కనబడేలా స్క్రీన్ వీడియో ఒకటి తీసి పంపితే వాదన తగ్గుతుంది. వారంటీ అయిపోతే స్విచ్ విడిగా దొరుకుతుంది, ఫోన్లు రిపేర్ చేసే కుర్రాళ్లలో సోల్డరింగ్ బాగా వచ్చినవాళ్లు మార్చి ఇస్తారు, కాకపోతే కింద అతికించిన పాదాలు ఊడదీసి గానీ స్క్రూలు కనబడవు, కొత్త పాదాల సెట్టు కూడా ముందే తెప్పించి పెట్టుకోండి.